పెన్సిలు గీత నుండి హార్డు డిస్కు వరకు: రేనాల్డ్ జాన్సన్ జీవితము

పరీక్షాపత్రముపై గుండ్రని గడిని నల్లగా నింపుట మన విద్యార్థులకు చిరపరిచితమైన పని. 2018 లో రెండు తెలుగు రాష్ట్రములయందును ఎంసెట్ పరీక్ష కంప్యూటరు మీదికి మారు వరకు, ఏటేట లక్షలమంది పిల్లలు ఆ గడులను నింపి తమ భవిష్యత్తును యంత్రపు చూపునకు అప్పగించినవారే. ఇక కంప్యూటరు ఉన్న ప్రతి కార్యాలయములోను హార్డు డిస్కు అను పేరు వినబడుచునే యుండును. అది లేని కాలమున కంప్యూటరు గొప్ప లెక్కలు చేయగలిగియు, తాను చేసినదానిలో కావలసిన ముక్కను కావలసిన క్షణమున వెదకి తీయజాలని శిష్యుని వలె నుండెను. ఈ రెంటికిని మూలము వెదకుచు వెనుకకు పోయినచో ఒకే మనుష్యుడు ఎదురగును. ఆయన గణితశాస్త్రజ్ఞుడు కాడు. పరిశోధనాలయములలో పెరిగిన పండితుడును కాడు. అమెరికాలోని ఒక చిన్న పట్టణపు ఉన్నత పాఠశాలలో విజ్ఞానశాస్త్రము చెప్పిన ఉపాధ్యాయుడు. పేరు రేనాల్డ్ జాన్సన్.

జాన్సన్ 1906 జూలై 16వ తేదీన మిన్నెసోటా రాష్ట్రమున, స్వీడన్ దేశపు మూలము గల కుటుంబములో జన్మించెను. మిన్నెహాహా అకాడమీలో 1925 లో చదువు ముగించి, మిన్నెసోటా విశ్వవిద్యాలయమునుండి 1929 లో పట్టము పొందెను. గమనింపదగిన దేమనగా, ఆ పట్టము ఇంజనీరింగునకు సంబంధించినది కాదు. విద్యాపాలనము, అనగా బడిని నడపుట యెట్లో నేర్పెడి చదువు అది.

ఆయన చిన్ననాటి అల్లరి యొకటి చరిత్రకెక్కినది. ఇంటనున్న అక్కచెల్లెండ్రను షికారునకు తీసికొనిపోవుటకు యువకులు కార్లలో వచ్చుచుండిరి. ఆ దేశపు ఆచారము అట్టిది. వారు లోపల మాటలలో నుండగా రేనాల్డు బయట కారు మూత తెరచి, స్పార్కు ప్లగ్గుల తెల్లని పింగాణిపై పెన్సిలుతో సన్నని గీతలు గీచెడివాడు. పెన్సిలు ములుకు గ్రాఫైటుతో చేయబడినది. గ్రాఫైటులో విద్యుత్తు ప్రవహించును. లోపల నిప్పురవ్వగా ఎగురవలసిన విద్యుత్తు ఆ గీత వెంట జారిపోవును. కారు కదలదు. పాపము, ఆ యువకులు పెట్రోలు చూచియుందురు, బ్యాటరీ చూచియుందురు. పింగాణిమీది పెన్సిలు గీత యెవనికి తోచును? దోషము కంటికి పెద్దగా కనబడు చోటనే యుండవలెనను నియమము లేదని ఈ బాలుడు అంత చిన్ననాడే తెలిసికొనెను. తరువాతి జీవితమంతయు ఆయన ఆ గీత వెంటనే నడచినాడనిన అతిశయోక్తి కాదు.

ఆయన పట్టము పుచ్చుకొన్న యేటనే అమెరికాను ఆర్థికమాంద్యము చుట్టుముట్టెను. జాన్సన్ మిషిగన్ రాష్ట్రములోని ఐరన్‌వుడ్ పట్టణమున ఉపాధ్యాయుడుగా కుదిరెను. ప్రశ్నపత్రములు దిద్దుట యెంతటి చాకిరియో ఈ పత్రిక చదువు ఉపాధ్యాయులకు నేను చెప్పనక్కరలేదు. రాత్రి దీపము క్రింద నూరవ పత్రము దిద్దునప్పటి కన్ను, మొదటి పత్రము దిద్దిన కన్నుతో సమానము కాదు. ఆ చాకిరిని యంత్రముచే చేయింపవలెనని జాన్సన్ తలపెట్టెను. చిన్ననాటి పెన్సిలు గీత జ్ఞప్తికి వచ్చెను.

యంత్రము చేయవలసిన పని చెప్పుటకు సులువు. విద్యార్థి తనకు తోచిన జవాబునకు ఎదుటి గడిలో పెన్సిలుతో గీత గీయును. ఆ గీతను రెండు లోహపు మొనలు తాకినచో గ్రాఫైటు గుండ విద్యుత్తు ప్రవహించును. సరియైన గీతలనుండి వచ్చు విద్యుత్తు నంతయు ఒకచోట కూడబెట్టి కొలతముల్లునకు పంపినచో, ముల్లు నిలిచినచోటే మార్కుల మొత్తము. అయితే పిల్లలందరును ఒక్క తీరుగా గీయరు. ఒకడు కాగితము చిరుగునట్లు ఒత్తి గీయును. వేరొక బాలిక భయపడుచు లేతగా గీయును. ముదురు గీతలో విద్యుత్తు ధారాళముగ పోవును, లేతగీతలో సన్నగిల్లును. అట్లయినచో యంత్రము బుద్ధిబలమును గాక వ్రేలిబలమును కొలిచినట్లగును.

జాన్సన్ కనిపెట్టిన ఉపాయము వినుటకు అతి సామాన్యము. ప్రతి గీత మార్గములోను, గీతతో పోల్చిన మిక్కిలి పెద్దదైన నిరోధమును ఒకదానిని చేర్చెను. లక్ష రూపాయల బాకీ తీర్చునప్పుడు పది పైసలు ఎక్కువైనను తక్కువైనను ఎవరును పట్టించుకొననట్లు, ఆ పెద్ద నిరోధము ఎదుట గీతల ముదురు లేతల భేదము లెక్కలోనికి రాకపోయెను. గీత ఉన్నదా, లేదా అను ప్రశ్న యొక్కటే మిగిలెను.

ఈ చిన్న యంత్రములో ఒక పెద్ద వివేకము దాగియున్నది. మార్కుల మొత్తము తప్పుగా వచ్చినదనుకొందము. దోషమెక్కడ? పిల్లవాడు గీయలేదా? గీచిన గీత చెరిగిపోయినదా? గీత చక్కగనే యున్నను లోహపు మొన దానిని తాకలేదా? తాకినను తీగ తెగినదా? ముల్లు పట్టుకొనిపోయినదా? వ్రాత, వ్రాతను మోసిన కాగితము, దానిని చదివెడి మొన, చదివినదానిని చేరవేయు తీగ, చివరకు చూపెడి ముల్లు: ఫలితము తప్పినప్పుడు ఇవి యన్నియు నిందితులే. వానిని ఒక్కొక్కదానిగా విడదీసి విచారించుట తెలియనివాడు పిల్లవానికి సున్న వేయును. మనలో కొందరు అట్లు వేసినవారును కలరు.

ఆ కాలమున కొలంబియా విశ్వవిద్యాలయమున పరీక్షావిధానములను పరిశోధించుచుండిన బెన్ వుడ్ అను ఆచార్యుడు ఇట్టి యంత్రమునకై ఎదురుచూచుచుండెను. ఆయనకు ఐ.బి.ఎం. కంపెనీతో సంబంధము కలదు. ఆ కంపెనీ జాన్సన్ యంత్రముపై హక్కులు కొని, ఆయనను న్యూయార్కు రాష్ట్రములోని ఎండికాట్ ప్రయోగశాలలో ఇంజనీరుగా చేర్చుకొనెను. 1937 మొదలు అది ఐ.బి.ఎం. 805 అను పేర విక్రయింపబడెను. అలవాటుపడిన మనిషి దానిపై గంటకు సుమారు 800 పత్రములు దిద్దగలిగెడివాడు. తరువాత విద్యుత్తునకు మారుగా వెలుగుతో గడులను చదువు యంత్రములు వచ్చినవి. మన పిల్లలు నింపిన గడులు ఆ తరమునకు చెందినవి. ఎండికాట్‌లో జాన్సన్ ఊరకుండలేదు. పెన్సిలు గుర్తు పెట్టిన కార్డును చిల్లుల కార్డుగా మార్చు ఉపాయమును సాధించెను. ఊరూర తిరిగి లెక్కలు వ్రాసికొనువారికి పెన్సిలు ముక్కయే యంత్రమైనది.

1952 లో కంపెనీ ఆయనను కాలిఫోర్నియాలోని శాన్ హోసే పట్టణమునకు పంపెను. పడమటి తీరమున క్రొత్త ప్రయోగశాల నెలకొల్పుమని ఆజ్ఞ. నోటర్ డేమ్ వీథిలో 99వ నెంబరు గల అద్దెభవనమున పని ప్రారంభమయ్యెను. అక్కడ జాన్సన్ పెట్టిన నియమమొకటి నాకు మిక్కిలి నచ్చినది. ఒక ఇంజనీరు వేరొకని సాయము కోరినచో, కోరబడినవాడు తన పని ప్రక్కనబెట్టి ముందు ఆ సాయము చేయవలెను. ఎవని పని వానిదే అను గోడ లేదు. మంచి బడిని నడపిన ప్రధానోపాధ్యాయుని చేయి ఇందులో కనబడుచున్నది. కళాశాలల శాఖలలో ఈ నియమము అమలు చేయ సాహసించువారెవరో!

నాటి వ్యాపారసంస్థలు తమ లెక్కలను చిల్లుల కార్డులపై నిలువచేసెడివి. గుమాస్తాలు కార్డులు నిండిన తొట్ల చుట్టు తిరుగుచు, కావలసిన కార్డును చేతితో వెదకి తీసి, పని ముగిసిన పిమ్మట మరల అచ్చటనే పెట్టవలెను. ఆర్థర్ క్రిచ్‌లో అను ఇంజనీరు ఈ చాకిరిని పరిశీలించెను. అయస్కాంతపు టేపు అప్పటికే యున్నది. కాని టేపు చుట్టచుట్టిన జాతకచక్రము వంటిది. చివరనున్న సంగతి చూడవలెనన్న మొదటినుండి విప్పవలెను. కావలసినది నిఘంటువు. ఏ అక్షరము కావలెనో అచ్చటనే తెరచి చూచునట్టిది. జాన్సన్ పళ్ళెములను ఎన్నుకొనెను. ఒకే ఇరుసునకు గ్రుచ్చిన పళ్ళెముల దొంతర కొద్దిపాటి చోటులో విశాలమైన తలమును ఇమిడ్చుకొనును. పళ్ళెములపై వ్రాయు ఆలోచన ఆయన యొక్కనిదే కాదు. జేకబ్ రబినో అను శాస్త్రజ్ఞుడు 1952 లోనే పళ్ళెముల జ్ఞాపకయంత్రమును గూర్చి ప్రకటించియుండెను. డిస్కునకు జనకుడని జాన్సన్‌ను పొగడువారు ఈ సంగతి మరువరాదు. ఆలోచన పలువురికి తట్టును. దానిని కదలునట్లు చేయుటలో నున్నది కష్టము.

కష్టములు వరుసగా వచ్చినవి. మొదటిది పూత. పళ్ళెముపై ఇనుప ఆక్సైడు కలిపిన రంగు అంతటను ఒకే మందముతో పరచుకొనవలెను. ఎక్కడ గరుకు దేలినను అక్కడి వ్రాత చెడును. జేకబ్ హాగోపియన్ అను ఇంజనీరునకు సూటియైన మార్గము తోచెను. పళ్ళెమును త్రిప్పుచు మధ్యభాగమున రంగు పోసినచో, తిరుగుడు వేగమునకు అది తానే అంచుల వరకు సమముగా ప్రాకును. రంగులోని నలుసులను తీయుటకు స్త్రీలు ధరించు పట్టు మేజోళ్ళ వస్త్రముతో వడగట్టిరి. కాగితపు గిన్నెతో కొలిచి పోసిరి. కోట్ల డాలర్ల పరిశ్రమ ఇట్లు వంటింటి పద్ధతిలో ఆరంభమైనది.

రెండవ కష్టము గాలితో తీరినది. పళ్ళెముపై వ్రాసి చదువు పరికరమునకు హెడ్డని పేరు. మన భాషలోను ఆ మాటయే స్థిరపడినది. హెడ్డు పళ్ళెమునకు ఎంత దగ్గరనున్న అంత సన్నగా వ్రాయగలదు, అంత స్పష్టముగా చదువగలదు. కాని తాకరాదు. 24 అంగుళముల పళ్ళెము నిమిషమునకు 1200 మారులు తిరుగును. దాని అంచు గంటకు సుమారు 137 కిలోమీటర్ల వేగమున పరుగెత్తుచుండును. ఆ వేగములో తాకినచో పూత లేచిపోవును, వ్రాతయు పోవును. పళ్ళెమును సంపూర్ణముగా చదునుచేయుట అసాధ్యము. తిరుగునప్పుడు అది కొంచెము పైకి క్రిందికి ఊగుచునే యుండును. విలియం గొడార్డ్, జాన్ లైనాట్ అను ఇంజనీర్లు హెడ్డులోని సన్నని రంధ్రముల గుండ గాలిని చిమ్మించిరి. ఆ గాలిపొర మెత్తవలె పనిచేయగా, పళ్ళెము ఊగినపుడు హెడ్డును దానితోపాటు ఊగుచు, ఎడమును మాత్రము మారనీయకుండెను. ఆ యెడము మిల్లీమీటరులో సుమారు యాబదియవ వంతు. తలవెంట్రుక మందముకంటె తక్కువ.

లూయీ స్టీవెన్స్ వంటి ఇంజనీర్లు మిగిలిన యంత్రమును కూర్చిరి. 1954 ఫిబ్రవరి 10వ తేదీన కార్డులోని అక్షరములు పళ్ళెముపైకి పోయి, పళ్ళెముపైనుండి తప్పులేక తిరిగి వచ్చెను. 1956 లో ఐ.బి.ఎం. దానిని రామాక్ అను పేర లోకమునకు ప్రకటించెను. అందులోని డిస్కు భాగమునకు 350 అని సంఖ్య. ఏబది పళ్ళెములు, సుమారు ఒక టన్ను బరువు, ఏబది లక్షల అక్షరముల నిలువ. ఎనుబది అక్షరముల కార్డుల లెక్కన అది 62,500 కార్డులకు సమానము. నేడు చేతిలోని ఫోనుతో తీసిన ఒక్క చిత్రము అంత చోటు నాక్రమించును. ఏబది పళ్ళెములకును కలిపి ఒకటే చేయి, ఆ చేతికి రెండే హెడ్డులు. ఒక పళ్ళెము పని ముగించి వేరొకదానికి పోవలెనన్న చేయి పూర్తిగా వెలుపలికి వచ్చి, నిలువుగా ఎక్కియో దిగియో, మరల లోపలికి పోవలెను. 1958 లో బ్రస్సెల్సు నగరపు ప్రపంచ ప్రదర్శనలో ఈ యంత్రము పది భాషలలో చరిత్ర ప్రశ్నలకు జవాబులు చెప్పెను. వేయికి పైగా యంత్రములు తయారైన పిమ్మట 1961 లో దాని ఉత్పత్తి ఆగినది.

రామాక్ పళ్ళెముపై ప్రతి అక్షరముతోను ఒక సాక్షి గుర్తు వ్రాయబడెడిది. అక్షరమునందలి గుర్తులను లెక్కించినచో మొత్తము ఎప్పుడును బేసి సంఖ్య కావలెనని నియమము. చదివినప్పుడు సరిసంఖ్య వచ్చినచో ఎక్కడనో పొరబాటు జరిగినదని యంత్రమునకు తెలియును. ఎక్కడ అన్నది మాత్రము తెలియదు. వ్రాసినప్పుడు తప్పినదో, పూత చెడినదో, హెడ్డు సరిగా నిలువలేదో, తీగలో చెడినదో, దానిని మనుష్యుడు తేల్చుకొనవలెను. ఐరన్‌వుడ్ బడిలోని ఆ పాత ప్రశ్నయే టన్ను బరువైన యంత్రములో మరల తలయెత్తినది.

ఈ ప్రశ్న నేటికిని తీరలేదు సరికదా, ప్రతి యింటికిని వచ్చి కూర్చున్నది. దీనికి కారణము డిస్కునకును కంప్యూటరునకును నడుమ నిలిచిన దుబాసి. అతనికే కంట్రోలరని పేరు. ఏ పళ్ళెము, ఏ వలయము, ఏ తునక అని డిస్కునకు ఆజ్ఞ యిచ్చి, అక్కడినుండి వచ్చు సన్నని అయస్కాంత సంకేతమును అక్షరములుగా మార్చి కంప్యూటరునకు అప్పగించుట ఈ దుబాసి పని. ఐ.బి.ఎం. లో చెడిన యంత్రములను బాగుచేయు ఉద్యోగిగా 1951 లో చేరి, తరువాత శాన్ హోసేలో రామాక్ పనిలో పాల్గొన్న అలన్ షుగార్ట్, 1980 నాటికి స్వంత సంస్థనుండి చిన్న డిస్కును విడుదలచేసెను. దాని నిలువయు ఏబది లక్షల అక్షరములే! ఆ డిస్కునకు స్వబుద్ధి తక్కువ. కంట్రోలరు వేరొక పలకపై నుండి రెండు పట్టీ తీగలతో దానిని నడపెడిది. ఒక కంపెనీ కంట్రోలరుతో వ్రాసిన డిస్కును మరియొక కంపెనీ కంట్రోలరునకు తగిలించినచో సాధారణముగా చదువలేకపోయెడిది. ఒక దుబాసి తన గురుతులతో వ్రాసికొన్నది వేరొక దుబాసికి తెలియదు కదా. డిస్కు చెడలేదు, వ్రాతయు చెడలేదు. అయినను తెరమీద మాత్రము డిస్కు లేదన్న మాటయే వచ్చెడిది. 1980 దశాబ్దపు ఉత్తరార్ధమున కంట్రోలరులో అధికభాగమును డిస్కుపైననే అమర్చు పద్ధతి వచ్చి ఈ తగవు కొంత తగ్గినది. పూర్తిగా పోలేదు.

నేనెరిగిన ఒక కార్యాలయమున మూడు సంవత్సరముల మార్కుల పట్టికలు ఒకే కంప్యూటరులో నుండెను. ఒక ఉదయము అది డిస్కు కనబడుటలేదని చెప్పి మొండికేసెను. పిలువబడి వచ్చిన మరమ్మతుదారు తీగ యొకసారి ఊపి చూచెను. డిస్కు కనబడెను గాని వ్రాతలు గజిబిజిగా తోచెను. అతడు వెంటనే దానిని తుడిచివేసి క్రొత్తగా ఫార్మాటు చేసెను. మరునాడును అదే రోగము. చివరకు తేలినది తీగ చెడినదని. డిస్కు నిక్షేపముగా నున్నది, శుభ్రముగా ఖాళీయై. పిల్లల మార్కులు మరల కాగితములనుండి ఎక్కించుటకు ఒక వేసవి సరిపోలేదు. జాన్సన్ వద్ద ఒక్క నెల పనిచేసిన కుర్రవాడు ఆ పని చేసియుండడు.

ఎట్లు చేసియుండవలెను? మొట్టమొదట, అనుమానమున్న డిస్కుపై క్రొత్తగా ఒక్క అక్షరమైనను వ్రాయరాదు. చదువలేకపోవుట వేరు, వ్రాత పోవుట వేరు. మొదటిదానిని రెండవదిగా మార్చునది మన తొందరయే. పిదప చెవి యొగ్గవలెను. డిస్కు లోపలినుండి టిక్కు టిక్కుమని విడువక శబ్దము వచ్చుచున్నచో హెడ్డు తన దారి తాను కనుగొనలేక తడుముకొనుచున్నదని చెప్పవచ్చును. అప్పుడు విద్యుత్తు తీసివేసి ఆ విద్యలో నిపుణుల కడకు పంపుట మేలు. అసలు తిరుగుడే వినబడనిచో విద్యుత్తు అందుచున్నదా అని చూడవలెను. చక్కగా తిరుగుచు కనబడకున్నచో ముందు తీగ మార్చవలెను. అది అన్నిటికంటె చవుక. తరువాత ఆ డిస్కును ఆరోగ్యముగానున్న వేరొక కంప్యూటరునకు తగిలించి చూడవలెను. అక్కడ చదువబడినచో నింద మొదటి కంప్యూటరులోని కంట్రోలరుపైకి పోవును. అటుపిమ్మట మంచిదని తెలిసిన వేరొక డిస్కును ఆ అనుమానపు కంట్రోలరునకు తగిలించినచో సంగతి రూఢియగును. ఒకసారికి ఒక్కటే మార్చవలెను. రెండు మందులు ఒకేసారి మ్రింగినవాడు ఏ మందు పనిచేసినదో చెప్పలేడు.

నేటి డిస్కులు తమ ఆరోగ్యపు దినచర్యను తామే వ్రాసికొనును. అందులో చెడిన తునకలను విడిచి వేరుచోటికి మార్చిన లెక్క పెరుగుచున్నచో పళ్ళెమునకే ముసలితనము వచ్చినదని భావింపవలెను. తీగ మార్గమున వచ్చిన పొరబాట్ల లెక్క పెరిగి, పళ్ళెపు లెక్క నిలకడగా నున్నచో దోషము ప్రాయికముగా బయటనే యున్నది. ఇంకొక వింత గలదు. కంప్యూటరులోని నాణెమంత బ్యాటరీ నీరసించినచో అది తన అమరికలను మరచును. డిస్కుతో మాటలాడు పద్ధతియు అందుతో మారిపోవచ్చును. ఉదయమున యంత్రము లేవదు. జనులు డిస్కు చచ్చినదందురు. పాత అమరికను తిరిగి పెట్టినచో అది యథాప్రకారము లేచి కూర్చుండును. స్పార్కు ప్లగ్గుపై గీత తుడిచినట్లే.

పలు డిస్కులను జతకట్టి నడపు కంట్రోలరులతో మరింత జాగ్రత్త కావలెను. వ్రాతను ముక్కలుచేసి ఏ డిస్కుపై ఏ ముక్క ఉంచినదో ఆ కంట్రోలరు పద్ధతికే తెలియును. అది చెడి వేరొక జాతిది తెచ్చిపెట్టినచో, ఆ క్రొత్తది డిస్కులను గుర్తింపక, ఇవి ఖాళీవి, సిద్ధపరతునా అని అడుగును. సరేయన్నవాని సర్వస్వము పోవును. డిస్కు వెనుకనున్న పలక చెడినదని అదే నమూనా పలకను ఇంకొకదానినుండి ఊడదీసి బిగించువారును కలరు. ఇప్పటి పలకలలో ఆ డిస్కునకే చెందిన కొలతలు నిక్షిప్తమై యుండుటచేత ఈ మార్పిడి తరచు ఫలింపదు. డిస్కు మూత విప్పి చూచుట మాత్రము ఎవరును చేయరాదు. రామాక్‌లో హెడ్డునకును పళ్ళెమునకును మిల్లీమీటరులో యాబదియవ వంతు ఎడముండగా, నేటి డిస్కులలో అది దానికి వేలవంతు మాత్రమే. మన గదిలోని ధూళికణము దానికి కొండరాయి. ఇక పళ్ళెములు లేని క్రొత్తరకపు నిలువలలో టిక్కుమను హెచ్చరికయు లేదు. లోపలి కంట్రోలరు చిప్పు ఆగినచో చెప్పకయే ఆగును. కనుక ముఖ్యమైన వ్రాతకు వేరుచోట మరియొక ప్రతి యుంచుకొనుట అన్ని చికిత్సలకంటె ముందు జరుగవలసిన పని. తాళపత్రములు పురుగుపట్టకముందే క్రొత్త ఆకులపైకి ఎక్కించిన మన పూర్వపు లేఖకులు ఈ సంగతి ఎరుగుదురు.

జాన్సన్ కథకు తిరిగి వత్తము. పెద్ద పరిశ్రమకు పునాదివేసిన పిమ్మట ఆయన బుద్ధి మరల బడిపిల్లల వైపునకే మరలినది. సోనీ కంపెనీతో కలిసి పనిచేయుచు, విప్పిన టేపుచుట్టలను పిల్లలు పాడుచేయుదురని యెంచి, టేపును సన్నము చేసి పెట్టెలో బిగించు మార్గమున కృషిచేసెను. 1971 లో ఐ.బి.ఎం. నుండి విశ్రాంతి పొందెను. అప్పటికిని ఆయన చేతులు ఊరకుండలేదు. పుటలపై చిన్న శబ్దపు పలకలు అమర్చి, పిల్లలు తాకినచో పాఠము చెప్పెడి పుస్తకముల విద్యను రూపొందించెను. ఫిషర్-ప్రైస్ అను ఆటబొమ్మల కంపెనీ దానిని వాడుకొనెను. ఆయన పేర తొంబదికి పైగా పేటెంట్లు గలవు. 1986 లో అధ్యక్షుడు రేగన్ ఆయనకు జాతీయ సాంకేతిక పతకము నొసగెను. అమెరికాలోని విద్యుత్, ఎలక్ట్రానిక్ ఇంజనీర్ల సంఘము నిలువ యంత్రముల విద్యలో కృషిచేసినవారికి ఆయన పేర ఒక బహుమానమును నెలకొల్పెను. 1998 సెప్టెంబరు 15వ తేదీన, తొంబదిరెండవ యేట, పాలో ఆల్టో పట్టణమున ఆయన కన్నుమూసెను.

ఆయన పోయిన కొన్ని యేండ్లకు కాలిఫోర్నియాలో కొందరు ఇంజనీర్లు ఒక పాత రామాక్ డిస్కు యంత్రమును తిరిగి నడిపింపబూనిరి. అది యిప్పుడు మౌంటెన్ వ్యూ పట్టణములోని కంప్యూటర్ చరిత్ర ప్రదర్శనశాలలో నున్నది. ఒకప్పుడు దానిని శాసించిన శూన్యనాళముల యంత్రాంగము దానివెంట లేదు. అనగా దుబాసి లేడు. పూత మాత్రము పళ్ళెములపై అట్లే యున్నది. వారు పాత యంత్రభాగములను శుభ్రపరచి, నేటి పరికరములతో క్రొత్త చోదకమును కట్టి తగిలించిరి. గాలి చిమ్మినది, పళ్ళెములు తిరిగినవి, చేయి దొంతరలోనికి జొరబడి ఒక వలయముపై నిలిచినది. అర్ధశతాబ్దమునకు పూర్వమెవరో వ్రాసి విడిచిన అక్షరములు, ఒక్కొక్కటిగా, చదువబడినవి.